తాతగారి లీవర్ రైఫిల్‌కు తూటాలు హైదరాబాద్‌లో దొరుకుతాయా?

తాతగారి నుంచి వచ్చిన పాత లీవర్ యాక్షన్ రైఫిల్‌కు (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను ఆడిస్తే తూటా ఎక్కే రకం) ఏ తూటా సరిపోతుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎలా నింపాలి అని అడిగారు. నాలుగేళ్ల క్రితం నేనూ ఇవే తిప్పలు పడ్డాను.

మాది వించెస్టర్ 1894 మోడల్. ఆదిలాబాద్ అడవుల్లో తాత షికారు చేసిన తుపాకీ. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక బీరువా ఎక్కింది. ఆయన పోయాక నా పేరు మీద లైసెన్స్ వచ్చేదాకా డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉంచాం. "పాతదానికి లైసెన్స్ ఎందుకురా" అని మా బాబాయి ఒకటే గొడవ. రిపేర్ చేసినా పేలని స్థితిలో ఉంటేనే ఆయుధాల చట్టం పాత తుపాకీని వదిలేస్తుంది. మాది పేలుతుంది మరి.

అసలు తంటా లైసెన్స్ పుస్తకంతోనే వచ్చింది. అందులో "30 బోర్ రైఫిల్" అని మాత్రమే ఉంది. సిటీలో ఒక షాపుకు వెళ్తే ఆయన ఆ పేజీ చూసి 30-06 తూటాల డబ్బా తీసి పెట్టాడు. మన దేశంలో తయారవుతాయి, దొరకడం తేలిక. బిల్లు రాయబోతుంటే నాకెందుకో అనుమానం వచ్చి గొట్టం మీది అక్షరాలను ఫోన్‌లో తీసుకున్న ఫొటో చూపించాను. "30 డబ్ల్యూ.సి.ఎఫ్." (వించెస్టర్ సెంటర్ ఫైర్) అని ఉంది. అంటే 30-30 అనే తూటా. వించెస్టర్ పేరు తమ తుపాకుల మీద వేసుకోవడం ఇష్టం లేక మార్లిన్ కంపెనీ పెట్టుకున్న పేరే 30-30. 30-06 దానికంటే సుమారు 2 సెంటీమీటర్లు పొడవు, ప్రెషర్ కూడా బాగా ఎక్కువ. రెండిట్లోనూ బుల్లెట్ వ్యాసం ఒకటే కావడంతో పుస్తకంలో రెండూ "30"గానే కనిపిస్తాయి. ఎవరైనా "315 వేసి చూడు, చవక" అన్నా వినకండి. అది వేరే తూటా.

గొట్టం మీది ముద్రనూ గుడ్డిగా నమ్మలేం. వందేళ్లలో ఎవరైనా ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) తొలిపించి ఉండొచ్చు. తెలిసిన గన్‌స్మిత్ తక్కువ వేడికే కరిగే లోహం పోసి మా ఛాంబర్ అచ్చు తీసి కొలిచాడు. పేల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి కేసు ఉబ్బకుండా వస్తుందో లేదో కూడా చూశాడు. మీది 1873 మోడల్ లాంటిదైతే ఇంకా జాగ్రత్త. దాని లోపలి యంత్రాంగం పాతకాలపు నల్ల తుపాకీమందు ప్రెషర్‌కు చేసింది, ఎక్కువ ప్రెషర్ తూటా తట్టుకోదు.

దొరకడం సంగతికొస్తే, 1980ల మధ్య నుంచి విదేశీ సరుకు మామూలు లైసెన్సుదారులకు దాదాపు రాదు. షాపుల్లో మిగిలిన పాత నిల్వలే దిక్కు. ఆరు నెలలు తిరిగితే నాకు ఇరవై దొరికాయి. ధర అడక్కండి, మా ఆవిడ ఇది చదువుతుంది. ఇత్తడి మీద పచ్చటి చిలుము, మెడ దగ్గర సన్నని పగులు ఉన్నవి అక్కడే పక్కన పెట్టించాను. ఇంట్లో ఖాళీ కేసుల్లో మందు నింపి సొంతంగా తూటాలు చేసుకుందామనే ఆలోచన వస్తే మానుకోండి. తయారీకి వేరే లైసెన్స్ కావాలి.

ఇక రైఫిల్‌లో తూటాలు నింపడం. గొట్టం కింద మ్యాగజైన్ అనే ఇంకో సన్న గొట్టం ఉంటుంది, అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు భాగానికి) ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే కుదుపుకు మ్యాగజైన్‌లోనే పేలొచ్చు. అందుకే చదును ముక్కువే కొనండి. కుడివైపు చిన్న తలుపులోంచి ముక్కు ముందుకు పెట్టి బొటనవేలితో తోయాలి. ఒక్కోదాన్ని పూర్తిగా లోపలికి తోసేయకుండా అంచు కొంచెం బయట ఉంచి, తర్వాతి తూటాతో దాన్ని నెట్టండి, వేలు నలగదు. నేను షూటింగ్ రేంజ్‌లో రెండేసి మాత్రమే నింపుతాను. లీవర్ ఆడిస్తే అన్నిటికంటే వెనకున్న తూటా ఛాంబర్‌లోకి వెళ్తుంది, హ్యామర్ లేచి ఉంటుంది, అంటే ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. మా దాంట్లో వేరే సేఫ్టీ లేదు, కాబట్టి గొట్టం ఎటు చూస్తోందో గమనిస్తూ ఉండాలి.

పాత తూటాల్లో ఒకటి ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. వెంటనే లీవర్ తీయబోయాను. పక్కనున్న కోచ్ గట్టిగా అరిచాడు. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుందట. నిమిషం దాకా టార్గెట్ వైపే పట్టుకుని కూర్చున్నాను, చేతులు వణికాయి.

ఇప్పుడు నా దగ్గర పదకొండు మిగిలాయి. దసరాకు ఆయుధపూజ రోజు రైఫిల్ తీసి నూనె రాస్తాను. తూటాలు మాత్రం డబ్బాలోనే ఉంటాయి.