సిగ్నల్ దగ్గర బస్సుకి దారి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిన్నీ,

ఎం.టెక్. ప్రాజెక్టుకి విశాఖలో మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా సిగ్నళ్ళ దగ్గర బస్సుకి ముందు దారి ఇచ్చే పని ఎత్తుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డ్రైవర్ మేనకోడలు బస్సుల గురించే చదువుతోందంటే ఛాతీ పొంగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బస్సు వస్తుంటే గ్రీన్ కొన్ని సెకన్లు పొడిగించడం, రెడ్‌లో ఆగి ఉంటే కాస్త ముందే వదలడం, బస్సులో జీపీఎస్ పెట్టడం, ఇవన్నీ నీకు తెలిసినవే. ముందు స్టాపు ఎక్కడుందో చూడు తల్లీ. నేను 222 నంబరు బస్సు నడిపే రోజుల్లో ఒక జంక్షన్‌లో సిగ్నల్‌కి సరిగ్గా ముందే స్టాపు పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇప్పుడెందుకు గానీ, గ్రీన్ పడేసరికి ఇంకా జనం ఎక్కుతుండేవారు. చేపలమ్మే ఆవిడ బుట్ట పైకి అందించి, చీర సర్దుకుని, తను ఎక్కాలి కదా. వెనక ఆటోల హారన్లు, ఎదురుగా గ్రీన్ వెలిగి ఆరిపోవడం, కండక్టర్ రైట్ అనేసరికి మళ్ళీ రెడ్! అలాంటి చోట నువ్వు పది సెకన్లు పొడిగిస్తే అవి కార్లకి పోతాయి, పక్క రోడ్డువాళ్ళు ఊరికే నిలబడతారు, బస్సు కదలదు. అదే స్టాపు జంక్షన్ దాటాక ఉంటే బస్సు ముందు సిగ్నల్ దాటేసి, తర్వాత తీరిగ్గా జనాన్ని ఎక్కించుకుంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి పాత లెక్కలు నమ్మకు, స్టాపులో ఎంతసేపు ఆగుతోందో నువ్వే వెళ్ళి కొలువు.

వచ్చిన ప్రతి బస్సుకీ గ్రీన్ ఇస్తానని మాత్రం అనకు. హనుమంతవాకలో ఆరిలోవ వైపు నుంచి వచ్చేవీ బస్సులే, వాటిలోనూ మనుషులే. ఆలస్యమైన బస్సుకే ఇవ్వు, పక్క రోడ్డు నుంచి తీసుకున్న సెకన్లు సిగ్నల్ మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చినప్పుడు తిరిగిచ్చెయ్. అప్పుడు కారువాళ్ళు తిట్టినా తలవంచకు. నిండు బస్సులో అరవై మంది ఉంటారు, కారులో ఒకరో ఇద్దరో.

నా అసలు భయం నడిచి దాటేవాళ్ళ గురించి. బస్సు కోసం సెకన్లు కత్తిరించాల్సి వస్తే అందరికీ ముందు కనపడేది వాళ్ళ టైమే. పుస్తకంలో సెకనుకి 1.2 మీటర్ల నడక అని రాస్తారు, ఆ లెక్కన 18 మీటర్ల రోడ్డుకి 15 సెకన్లు. హనుమంతవాకలో కంటి ఆసుపత్రి ఉంది, విమ్స్ పెద్దాసుపత్రి ఉంది. కంటికి పట్టీతో మనవడి చెయ్యి పట్టుకుని దాటే పెద్దాయనకి ఆ 15 ఏం సరిపోతాయి? అలాంటివాళ్ళు బస్సు ముందుకొచ్చి ఆగిపోతే బ్రేక్ మీద కాలు ఎలా వణుకుతుందో నాకు తెలుసు. వాళ్ళ టైములో ఒక్క సెకను ముట్టుకున్నావో, నీ ప్రాజెక్టు నేనే ఒప్పుకోను!

ఎండలో ఒక్కదానివే నిలబడి లెక్కలు రాయకు, గొడుగు పట్టుకెళ్ళు, అన్నం మానకు. సర్వే రోజు ముందే చెప్తే నేనూ వస్తా. డిపోలో పాత స్నేహితులున్నారు, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు పోతుందో వాళ్ళనే అడిగి రాసుకుందాం.

మీ మావయ్య