నిజాం పేరుతో బ్రిటిష్ బాంబర్ స్క్వాడ్రన్ (బాంబులు వేసే విమానాల దళం) ఉండేదా? 1948లో సూర్యాపేట మీదికి వచ్చినవి ఆ విమానాలేనా?

మొదటి ప్రశ్నకు అవును, రెండోదానికి కాదు. మా నల్లగొండలో కూడా పెద్దవాళ్ళు ఈ రెండు కథలనూ కలిపేసి చెప్తుంటారు.

దాని పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. బ్రిటిష్ వైమానిక దళానిది, 1917 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోనే ఏర్పాటు చేశారు. నిజాం సైన్యానికీ దానికీ సంబంధం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని విమానాలకు డబ్బు ఇచ్చింది మాత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, అందుకే ఆ పేరు. ఆ కాలంలో ఆయన ఖజానాకు వచ్చేదంతా ప్రధానంగా భూమి శిస్తు, ఆబ్కారీ. అంటే నల్లగొండ, పాలమూరు రైతులు కట్టినది కూడా అందులో ఉన్నట్టే. మన ఊళ్ళలో వెట్టి చేస్తున్న జనానికి తమ పైసలతో జర్మనీ మీద బాంబులు పడుతున్నాయని ఎవరు చెప్తారు! దొరగారికి మాత్రం 1918లో 'ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు దక్కింది.

ఆ విమానాల్లో ఒకదాన్ని నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంకి తీసుకెళ్ళింది. డీహెచ్-9ఏ రకం, నంబర్ ఎఫ్1010. రెండు అంతస్తుల రెక్కలు, ముక్కు దగ్గర పాత ట్రాక్టర్‌కి ఉన్నట్టు చదునైన పెద్ద రేడియేటర్. పైలట్, అతని వెనక తుపాకీ పట్టుకుని ఇంకొకరు, ఇద్దరికీ తలమీద కప్పు లేదు. విమానం పక్కన ఇంగ్లిష్‌లో 'హిజ్ హైనెస్ హైదరాబాద్ నిజాం బహూకరించినది' అని రాసి ఉంటే అక్కడే ఆగిపోయాను. మా అల్లుడు ఫోటో తీస్తానన్నా నాకు కదలబుద్ధి కాలేదు.

దాని కథ కూడా తక్కువది కాదు. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్ళి అక్కడే దిగాల్సి వచ్చింది, ఇద్దరూ ఖైదీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కి చేరింది. 1977లో బ్రిటిష్‌వాళ్ళు పోలండ్‌కి ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

ఆ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌లో యుద్ధం చేసింది రెండు నెలలే, కానీ దెబ్బ గట్టిగా తగిలింది. అక్టోబర్ 21న ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. 1919లో రద్దు చేసి, 1937లో మళ్ళీ పెట్టారు. ఇక రెండో ప్రపంచ యుద్ధంలో వీళ్ళ పేరు రెండు చివరలా వినిపిస్తుంది. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మనీ రేవు విల్హెల్మ్స్‌హాఫెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద మొదటి బాంబు దాడి చేసినవాళ్ళలో వీళ్ళున్నారు. కెన్నెత్ డోరన్ అనే పైలట్ నాయకత్వంలో బ్లెన్‌హైమ్ బాంబర్లు కిందికి దిగి 'అడ్మిరల్ షీర్' మీద బాంబులు వేస్తే అవి పేలనే లేదట. 1942లో వీళ్ళను ఇండియాకు పంపారు. వెంజెన్స్ విమానాలతో బర్మాలో జపాన్‌వాళ్ళ మీద డైవ్ బాంబింగ్ (నిట్టనిలువుగా కిందికి దూకుతూ బాంబులు వేయడం), తర్వాత మస్కిటో రకం విమానాలు. 1945 ఆగస్టు 20న, జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించాక కూడా, బర్మాలో మొండిగా నిలిచిన దళం మీద బాంబులు వేసింది వీళ్ళే. ఆ తర్వాత బాంబర్ పని అయిపోయింది. మలయాలో రవాణా విమానాలు, హెలికాప్టర్లు నడిపి 1971లో రద్దయింది.

ఇక సూర్యాపేట సంగతి. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైనప్పుడు మన పెద్దవాళ్ళు చూసిన గాలిమోటర్లు భారత వైమానిక దళానివి, టెంపెస్ట్ రకం యుద్ధవిమానాలు. మా అమ్మమ్మ వాటి చప్పుడుకి పిల్లల్ని గడ్డివాము వెనక దాచిందట. 110 అప్పటికి సింగపూర్, మలయా వైపు ఉంది. తమాషా ఏంటంటే, బ్రిటిష్‌వాళ్ళకు విమానాలు కొనిచ్చిన నిజాంకు ఆరోజు పంపడానికి ఒక యుద్ధవిమానం కూడా లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ దొంగచాటుగా రాత్రిళ్ళు ఆయుధాలు దింపిపోతుండేవాడు, అంతే.

'హైదరాబాద్' పేరుతో 152, 253 స్క్వాడ్రన్లు కూడా ఉండేవి, కానీ అవి ఫైటర్లు, అంటే శత్రు విమానాలతో పోరాడేవి. పరీక్షకు చదువుతున్నవాళ్ళు, ప్రశ్నలో బాంబర్ స్క్వాడ్రన్ ఏదని ఉంటే 110 అనే రాయండి.