వంటచెరకు కోతకు ఏ పాత చైన్‌సా తీసుకోవాలి?

వంటచెరకు కోయడానికి పాత చైన్‌సా (పెట్రోలు మోటారు రంపం) కొందామని మీరు చూసిన రెండూ స్టిల్ కంపెనీవే: ఒకటి కొత్తదానిలా మెరిసే ఎంఎస్ 180, రెండోది రంగు వెలిసిన ఎంఎస్ 250. కోయాల్సింది ఎండిన తుమ్మ, సరుగుడు మొద్దులంటున్నారు కాబట్టి నా ఓటు రెండోదానికే, ఇంజిన్ బాగుంటేనే సుమా. 180లో ఉన్నది 31.8 సీసీ ఇంజిన్. కొమ్మలకు, సన్నటి వాసాలకు హాయిగా సరిపోతుంది కానీ, ఎండిన తుమ్మ మొదలు దగ్గరకొచ్చేసరికి ఆయాసపడుతుంది. 250లో 45.4 సీసీ. బరువు కాస్త ఎక్కువైనా పని త్వరగా తెములుతుంది.

పై రంగు చూసి మోసపోకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ విప్పించి, టార్చి వేసి పిస్టన్ చూడండి. నున్నగా ఉంటే మంచిదే. నిలువు గీతలు లోతుగా పడి ఉంటే, చాలావరకు ఆయిల్ కలపని పెట్రోలుతో నడిపి ఉంటారు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. తర్వాత స్విచ్ ఆపి, బార్‌కు (చైను తిరిగే పొడవాటి పట్టీకి) తొడుగు వేసి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదీయండి. ఆగి ఆగి దిగాలి. జర్రున జారిందంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బలం) పోయినట్లే.

స్టార్ట్ చేసి చూపించమనండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదేమోనని అనుమానించాల్సిందే. చైన్ బ్రేకు (తిరిగే చైనును ఆపేది) పట్టకపోతే బాగుచేయించే దాకా వాడకండి. అరిగిన చైను, బార్ పెద్ద లోపాలు కావు, బేరమాడటానికి పనికొస్తాయి. కొన్నాక పాత పెట్రోలు తీసేసి, లీటరుకు 20 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి పోయండి.