పక్షిని పోల్చుకోవడమా, గుర్తించడమా?

సందేహం: చెరువుల దగ్గర పక్షుల ఫొటోలు తీయడం నా అలవాటు. ఈమధ్య ఒక తెల్ల కొంగ ఫొటో కింద ‘ఈ పక్షిని పోల్చుకోండి’ అని రాసి మిత్రులకు పంపాను. పోల్చడమంటే రెండింటిని పక్కపక్కన పెట్టి చూడటమనీ, ఇక్కడ ఉన్నది ఒక్క పక్షే కాబట్టి ‘గుర్తించండి’ అనాలనీ వారిలో ఒకరు సరిదిద్దారు. ఏది ఒప్పు? ఇంకో మాట. తెల్లగా కనబడిన ప్రతిదాన్నీ ‘కొంగ’ అని రాసేస్తే సరిపోతుందా?

సమాధానం: మీ వాక్యం ఒప్పే. మీ మిత్రుడు ‘పోల్చు’కు ఉన్న అర్థాల్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. ‘చీకట్లో ఎదురుగా వచ్చిన మనిషిని పోల్చుకోలేకపోయాను’ అంటాం కదా! అక్కడ పక్కన నిలబెట్టి చూడటానికి రెండో మనిషి ఎక్కడున్నాడు?

‘పోలు’ అంటే ఒకదానిలా ఉండటం. దాని ప్రేరణ రూపం ‘పోల్చు’. ‘దీన్ని దానితో పోల్చు’ అన్నప్పుడు ‘తో’ ఉంది, ‘రెండింటినీ పోల్చు’ అన్నప్పుడు కర్మ రెండు వస్తువులు. ఈ రెండు చోట్లా సరిచూడటమే అర్థం. ‘తో’ లేకుండా, కర్మ ఒక్కటే అయి, క్రియకు ‘కొను’ చేరితే అది ఎవరో, ఏదో తేల్చుకోవడం అవుతుంది. ‘కొను’ ఒక్కటే చాలదు. ‘నీ కొడుకును పక్కింటి అబ్బాయితో పోల్చుకోకు’ అనే వాక్యంలో ‘కొను’ ఉన్నా ‘తో’ కూడా ఉంది కాబట్టి అది మళ్లీ మొదటి అర్థమే.

‘గుర్తించండి’ తప్పని నేను అనను. కానీ ఆ క్రియ మీద ఇప్పటికే మోయలేనంత బరువు వేశాం. ప్రభుత్వం పాఠశాలను గుర్తిస్తుంది, అధికారి లోపాన్ని గుర్తిస్తాడు, శాస్త్రవేత్త కొత్త జాతిని గుర్తిస్తాడు. ‘1986లో కడప జిల్లాలో కలివికోడిని గుర్తించారు’ అని రాస్తే ఏమర్థమవుతుంది? జెర్డన్ అనే పక్షిశాస్త్రవేత్త 1848లోనే లోకానికి తెలిపిన పక్షి అది. 1900 తర్వాత జాడ లేక, అంతరించిందనుకున్నాక, ఐతన్న అనే స్థానికుడి చేతికి చిక్కింది. అక్కడ ‘మళ్లీ దొరికింది’ అనాలి. ఇక ‘గుర్తుపట్టు’ అన్నది ముందే పరిచయం ఉన్నదాని విషయంలో చక్కగా అతుకుతుంది. మీ కొంగను అంతకుముందు చూడనివారిని గుర్తుపట్టమంటే ఎలా? ఉన్న పోలికలను బట్టి తేల్చమని అడగడానికి ‘పోల్చుకోండి’ కంటే తగిన మాట నాకు తోచడం లేదు.

అయితే పోలిక వేరు, ఆనవాలు వేరు. అశోకవనంలో హనుమంతుడి రూపాన్ని చూసి సీత నమ్మలేదు, రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని శంకించింది. ఉంగరం చూశాక నమ్మింది. రూపం ఎవరిదైనా కావచ్చు, ఉంగరం మాత్రం రాముడిదే. పక్షుల ఫొటోలతో కుస్తీ పట్టేవారికి కావలసింది ఆ ఉంగరం లాంటిదే.

మీ తెల్ల కొంగనే తీసుకుందాం. మన పొలాల్లో, చెరువుల్లో తెల్లని కొంగలు ముఖ్యంగా నాలుగు రకాలు. చిన్నదాని ముక్కూ కాళ్లూ నలుపు, పాదాలు మాత్రం పసుపు. అది బురదలో నిలబడి ఉందంటే మీ ఆనవాలు కాస్తా బురదలో ఉన్నట్టే. పశువుల వెంట తిరిగేది పొట్టి మెడది, ముక్కు పసుపు, గుడ్లు పెట్టే కాలంలో తలా మెడా వీపూ నారింజ ఛాయకు తిరుగుతాయి. సాయంకాలపు ఎండలో తీసిన ఫొటోల్లో ప్రతి కొంగకూ ఆ ఛాయ వస్తుంది కాబట్టి తొందరపడకండి. అసలు చిక్కు పెద్దదానితోనూ, నడితరందానితోనూ. ఫొటోలో పరిమాణం తెలియదు, పక్కన గేదె ఉంటే తప్ప. ముక్కు రంగును నమ్ముకుందామంటే, పసుపు ముక్కు గుడ్లు పెట్టే కాలంలో నలుపెక్కుతుంది. అప్పుడు ఫొటోను పెద్దది చేసి నోటి చీలిక ఎక్కడ ఆగిందో చూడాలి. కంటి కిందనే ఆగితే నడితరంది. కంటిని దాటి వెనక్కి పోతే పెద్దది. వెంట్రుక మందం గీత, అంతే. కొంగ తల పక్కకు తిప్పి ఉన్నప్పుడే అది కనబడుతుంది. ఎదురుగా చూస్తున్న కొంగ ఫొటో ఎంత అందంగా ఉన్నా ఈ పనికి కొరగాదు.

కాకీ నలుపే, కోకిలా నలుపే, వసంతం వస్తే ఏది ఏదో తేలుతుందనే సుభాషితం మనకు కంఠస్థం. ఆ కవికి చెవి సాక్ష్యం చెప్పింది. ఫొటోకు గొంతు లేదు, అందుకని కన్ను చూడాలి: మగ కోకిల కన్ను ఎర్రన, ముక్కు లేత ఆకుపచ్చ. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది కాబట్టి దాన్ని కోకిల అంటే చాలామంది నమ్మరు. చలికాలంలో మన చెట్ల మీదికి వచ్చే కొన్ని ఆకుపచ్చ చిన్నపిట్టలనైతే ఆరితేరినవారు కూడా కూత వినకుండా తేల్చరు. ‘వాలకం చూస్తే ఫలానావాడిలా ఉన్నాడు’ అంటాం. నడక, తల తిప్పే తీరు, వాలే వాటం, అన్నీ కలిసినదే వాలకం. ఫొటో దాన్ని కూడా కాజేస్తుంది.

రెండో ప్రశ్న. కొంగ, కొక్కెర, బకము అనే మాటలను పర్యాయపదాలుగానే వాడుతున్నాం. జనవ్యవహారంలో ‘కొంగ’ ఇంకా విశాలమైనది. కదలకుండా కూర్చుని, మనిషి దగ్గరికి వచ్చేదాకా లేవనిదాన్ని గుడ్డికొంగ అన్నారు. మట్టి రంగులో కూర్చుని తెల్లగా ఎగిరిపోతుంది గనుక దాని రెండు ఫొటోలు చూస్తే రెండు పక్షులనిపిస్తుంది. కాబట్టి ‘కొంగ’ తప్పు కాదు, చాలదు. ‘పెద్ద తెల్లకొంగ’, ‘చిన్న తెల్లకొంగ’ అని రాయండి. ‘సైబీరియా కొంగ’ను మాత్రం దయచేసి వదిలేయండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులకూ, ఎర్రకాళ్ల కొంగలకూ పత్రికలు ఈ బిరుదు తగిలించడం ఏటా చూస్తున్నాం. సైబీరియా నుంచి వలస వచ్చే పక్షి గూడు అక్కడే కడుతుంది, ఇక్కడ కాదు. అసలు ఆ పేరుకు తగిన పెద్ద కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో చివరిసారి కనబడింది 2002లో.

తేలకపోతే ఏం రాయాలని మీరు అడగలేదు గాని, అదీ భాష సంగతే. ‘పెద్ద తెల్లకొంగ కాబోలు’ అంటే అది ఊహ. ‘అయి ఉండవచ్చు’ అంటే అవకాశం. ‘అయి ఉండాలి’ అంటే ఆధారం ఉంది, నిర్ధారణ లేదు. ఆనవాలు కనబడనప్పుడు వీటిలో ఒకటి వాడి, పక్కనే ‘పాదాలు బురదలో ఉన్నాయి’ అని కారణం రాయండి. మీ మిత్రుడి మాట కూడా పోకుండా, రెండు తెల్ల కొంగల ఫొటోలు పక్కపక్కన పెట్టిన రోజున ‘పోల్చండి’ అని రాసి ఆయనకు పంపండి.