బంపర్ విప్పించాకే బేరం మాట్లాడండి

ప్రశ్న: మాది కావలి. పని మీద తరచూ ఉదయగిరి వెళ్లి వస్తుంటాను. మొన్న చీకటి పడే వేళ గేదె అడ్డం రావడంతో కారు పక్కకు తిప్పాను. రోడ్డు వారనున్న సర్కారు తుమ్మ మొద్దు తగిలి ముందు బంపర్ ఎడమ వైపు సొట్టపడింది, కింద చీలింది. లైట్లు వెలుగుతున్నాయి. షోరూంలో కొత్తది వేయాలంటున్నారు. టింకరింగ్ షెడ్డులో వేడిచేసి సరిచేస్తామంటున్నారు. ఇన్సూరెన్స్ ఉంది, నాలుగేళ్లుగా క్లెయిమ్ చేయలేదు. ఇనుప గార్డు కూడా బిగించుకోమని మా బావమరిది సలహా. ఏం చేయమంటారు?

జవాబు: మీకు దెబ్బ తగల్లేదు, అది చాలు. షోరూం వారైనా షెడ్డు వారైనా బంపర్ విప్పకుండానే ఆ మాట చెప్పి ఉంటే, ఇద్దరి మాటా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నెల్లూరు ఆటోనగర్‌లో బాడీ పని చేస్తున్న నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే ముందు బంపర్ విప్పుతాను, ఆ తర్వాతే ధర చెబుతాను.

బయటికి కనిపించేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దెబ్బను కాచుకునేది దాని వెనకనున్న ఇనుప దూలం. చిన్న దెబ్బకు ప్లాస్టిక్ లోపలికి పోయి మళ్లీ చాలావరకు యథాస్థితికి వస్తుంది. దూలం అలా కాదు, వంగితే వంగినట్టే ఉంటుంది. పైన సొట్ట కాస్తే ఉండి, లోపల దూలం మడతపడిన బండ్లు ఎన్నో చూశాను. అలాంటి దూలాన్ని గ్యాసు మంటతో కాల్చి, సుత్తితో కొట్టి నిలబెడతామంటే ఒప్పుకోవద్దు. గట్టి ఉక్కును అలా కాలిస్తే దాని బలం పోతుంది. రేపు మళ్లీ దెబ్బ తగిలితే ఆ మడత దగ్గరే విరుగుతుంది. దూలం మాత్రం కొత్తదే వేయించండి, అక్కడ పొదుపు చూడకండి. వెనకనే ఉండే ఏసీ కండెన్సర్‌నూ రేడియేటర్‌నూ కూడా తడిమి చూడమనండి.

దూలం బాగుంటే తొడుగును బాగుచేయించుకోవచ్చు. తొడుగు లోపలి వైపు టార్చి వేసి చూస్తే చాలా కార్లలో ‘పీపీ’ అని అచ్చు గుద్ది ఉంటుంది. అంటే పాలీప్రొపిలీన్. వేడి తగిలితే మెత్తబడే రకం. హీట్ గన్‌తో నెమ్మదిగా వేడిచేసి, వెనక నుంచి నెట్టి, తడిగుడ్డ వేస్తే సొట్ట పోతుంది. చీలికను అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో లోపలి నుంచి అతికించాలి. ఉత్త పుట్టీ రుద్దితే కొన్నాళ్లకే మళ్లీ విచ్చుకుంటుంది. ప్లాస్టిక్‌కు వేరే ప్రైమర్ ఉంటుంది. అది కొట్టకుండా రంగు వేస్తే మన రోహిణి కార్తె ఎండకు పొరలు పొరలుగా లేచిపోతుంది.

అసలు తేల్చేవి అంచున ఉండే లాకులు. ఫెండర్‌కు, అంటే ముందు చక్రం పైనుండే రేకుకు, పట్టుకునే ఆ చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఒకటి రెండు విరిగితే అతికించవచ్చు. వరసగా ఊడిపోతే మాత్రం తొడుగు మార్చేయండి. అతికించినా హైవే వేగానికి మూల లేచి గాలికి కొట్టుకుంటుంది.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో తరుగు కింద 50 శాతం కోస్తారు. 1500 సీసీ లోపు కారైతే తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1000 రూపాయలు దానికి అదనం. నాలుగేళ్లు క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో దక్కే 45 శాతం రాయితీ వచ్చే రెన్యువల్‌లో పోతుంది. తొడుగు ఒక్కటే దెబ్బతింటే సొంత డబ్బుతో చేయించుకోవడమే మేలు. దూలం, కండెన్సర్ కూడా పోతే క్లెయిమ్ చేయండి. అయితే ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వచ్చి చూసే వరకు ఏ భాగమూ మార్చనివ్వద్దు. తరుగు కోయని ‘జీరో డిప్రిసియేషన్’ కవర్ తీసుకుని ఉంటే 50 శాతం కోత ఉండదు గానీ, ఆ 1000 భరించడం, రాయితీ పోవడం మామూలే.

గార్డు వద్దు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని తొలగించాలని రాష్ట్రాలకు రాసింది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌కు కబురందించే సెన్సర్లు ముందు భాగంలో ఉంటాయి. గార్డు దెబ్బను ఛాసిస్‌కు మళ్లిస్తే బ్యాగు సమయానికి తెరుచుకోకపోవచ్చు. పైగా ఆ ఇనుము ఏ సైకిల్ మీది మనిషికో తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. గేదెల బెడద నిజమే కాబట్టి, మసక చీకట్లో ఆ దారిన వెళ్లేటప్పుడు వేగం తగ్గించండి. హెడ్‌లైట్ అద్దాలు మసకబారి ఉంటే ఈ పనితోపాటే పాలిష్ పట్టించండి.