మొక్కల బొమ్మలు వేసే చేతికి పని ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉంది. పదహారో శతాబ్దపు యూరప్ చిత్రకారులు నీటిరంగుల్లో వేసిన మొక్కల బొమ్మలను చూసి, తానూ అదే పనిలోకి వెళ్తానంటోంది. దానితో జీవనోపాధి దొరుకుతుందా?

జవాబు: బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతకడం కష్టమని ముందే చెప్పాలి. అయితే ఆనాటి చిత్రకారులూ కేవలం గోడకు తగిలించడానికే మొక్కలను గీయలేదు. ఫ్రాన్స్ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన జాక్ ల మ్వాన్ ద మోర్గ్ పూలనూ పండ్లనూ నీటిరంగుల్లో చిత్రించడమే కాక, 1586లో అటువంటి బొమ్మలను చెక్క అచ్చులతో పుస్తకంగా వెలువరించి, అవి కంసాలులకూ శిల్పులకూ ఎంబ్రాయిడరీ చేసేవారికీ నమూనాలుగా ఉపయోగపడతాయని అందులోనే రాశాడు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచీ వంశం కొలువులో మొక్కలను చిత్రించిన జాకోపో లిగోజీ, రంగురాళ్లు పొదిగే పనివారికీ నమూనాలు గీసి ఇచ్చాడు.

కుట్టుపనివారు అటువంటి బొమ్మ గీతల వెంబడి సూదితో పొడిచి, బొగ్గుపొడి అద్ది, ఆకారాన్ని బట్ట మీదికి దించుకునేవారు. మన మగ్గం వర్క్ చేసేవారు ట్రేసింగ్ పేపరుకు రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని రుద్దేది కూడా ఇందుకే. కనుక గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఆకు ఏ కణుపు దగ్గర పుడుతుందో స్పష్టంగా ఉండాలి. నీడలతో మెరిపించిన బొమ్మ పనివాడికి అంతగా అక్కరకు రాదు. బైపీసీ చదువు ఇక్కడ నిజంగా కలిసివస్తుంది.

ఇంటర్ తరవాత హైదరాబాద్ నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) నాలుగేళ్ల టెక్స్‌టైల్ డిజైన్ కోర్సు చేయవచ్చు. ప్రవేశ పరీక్ష రాయాలి. (నీట్ సంగతి మీరు ఎత్తలేదు, నేనూ ఎత్తను.) ఈలోగా ఆమె శంఖుపూల తీగ ఒక్కదాన్నే తీసుకుని మొగ్గ, విచ్చిన పువ్వు, ఆకు వెనకవైపు, కాయ విడివిడిగా గీయాలి. తరవాత దాన్నే పెడన అద్దకానికి రంగుకొక అచ్చు చొప్పున విడదీసి, పోచంపల్లి ఇక్కత్‌కు గళ్ల కాగితంపై మార్చి చూడాలి. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగు వేస్తారు గనుక తీగ వంపులు మెట్లుమెట్లుగా మారక తప్పదు. ఆ మార్పులో ఏది వదిలి ఏది నిలుపుకోవాలో తేల్చుకోవడమే డిజైనర్ పని.

మీ ఊళ్లో మగ్గం వర్క్ చేసేవారికి ఆ బొమ్మ ఇచ్చి, జాకెట్టు చేతికి దించమని అడగండి. వారు ఎక్కడ ఆగి సందేహం అడుగుతారో అక్కడ మీ అమ్మాయి మళ్లీ గీయాలి.