పల్చటి కనుబొమలకు పెన్సిలా, పౌడరా?

హైదరాబాద్ ఎండలో చెరిగిపోకుండా పల్చటి కనుబొమలు దిద్దుకోవడానికి ఏది కొనాలని అడిగారు. మొదటిసారైతే సన్న మొన ఉన్న వాటర్‌ప్రూఫ్ పెన్సిలే తీసుకోండి. పౌడర్ సహజంగా ఉంటుంది కానీ, మే నెలలో 40 డిగ్రీల ఎండకు, చెమటకు తొందరగా పోతుంది.

జుట్టు ఎంత నల్లగా ఉన్నా నలుపు షేడ్ వద్దు, గీసినట్టు తెలిసిపోతుంది. ముదురు బ్రౌన్ చాలు. సుల్తాన్ బజార్‌లో కొన్నా, మాల్‌లో కొన్నా షేడ్‌ని బయటి వెలుగులోనే చూసుకోండి. కాటుక పెన్సిల్ మాత్రం వాడకండి, మెత్తగా ఉండి అలుక్కుపోతుంది.

ముఖం బాగా ఆరాక, ఖాళీ ఉన్నచోటే వెంట్రుకల్లా చిన్న చిన్న గీతలు పెట్టండి. ముక్కు వైపు తేలిగ్గా, చివర కాస్త గట్టిగా. తర్వాత చిన్న బ్రష్‌తో పైకి దువ్వితే గీతలు కలిసిపోతాయి.